పెట్టె దిగుతుందా

షాపుల మీద ఇల్లు కొనేటప్పుడు ఏమేమి అడగాలో మేము అన్నీ అడిగాం. అది ముందే చెప్పుకోవాలి. ఎందుకంటే తర్వాత మా ఆడబిడ్డ నలుగురిలో నిలబడి, "కళ్ళు మూసుకోని కొన్నారు" అంది. మేమేం కళ్ళు మూసుకోలేదు.

నేను ఐదో తరగతి వరకే చదివాను. రొయ్యల షెడ్డులో కూలి తీసుకునేటప్పుడు సంతకం పెడతాను, అంతే నా రాత. ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, మేము అంతకుముందున్న అద్దె ఇంటి నుంచి మొదలుపెడుతున్నాను.

సూళ్లూరుపేటలో రైలు గేటు అవతల ఒక ఇంట్లో వెనక భాగం మాది. మా ఆయన ఆటో తోలుతాడు. మా అత్త మాతోనే ఉండేది. ఆమెకు ఆయాసం. దగ్గడం మొదలుపెడితే గోడ అవతల ఇంటామె టీవీ సౌండు పెంచేది. ఒకరోజు పొద్దున ఆ ఇంటామె మా గుమ్మం దగ్గరకొచ్చి నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"మీ అత్త ఎట్టుండాది?"

"అట్నే ఉండాదక్కా."

"అట్నే ఉండాదంటే ఎట్టమ్మా. ఆ దగ్గు ఇంటా ఉంటే నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టడంలా. ఏదన్నా అయ్యేలోపల మీ ఊరికి తీసకపోండి. ఇంట్లో పోయిందనుకో, నక్షత్రం మంచిది కాకపోతే నేను నెలలకు నెలలు ఈ ఇల్లు మూసి పెట్టాల. అప్పుడు నాకు అద్దె ఎవరిస్తారు?"

"మేము దేవుని బిడ్డలమక్కా. మాకు నక్షత్రాలు లేవు."

"మీకు లేకపోతే ఇంటికి ఉంటాయి."

మా అత్తకు చెవులు బాగా పనిచేసేవి. మంచం మీద నుంచే అరిచింది. "ఒసే, నీ కొంపలో చచ్చేదానికి నాకేం కర్మ! నిన్ను పంపించినాకనే నేను పోయేది!" ఆ మాట అయ్యేలోపల దగ్గు వచ్చింది. కళ్ళలో నీళ్ళు కారేదాకా దగ్గింది. ఇంటామె నా వైపు చూసి, "చూసినావా?" అని వెళ్ళిపోయింది.

ఊరికి తీసుకుపొమ్మంటే ఏ ఊరికి? చిట్టమూరు దగ్గర మా అత్తకు ఒక ఇల్లు ఉండేది. దాని చుట్టూ రొయ్యల గుంటలు తవ్వేసరికి బావిలో నీళ్ళు ఉప్పుకశం అయిపోయాయి. నోట్లో పోసుకుంటే ఉమ్మేయాల్సిందే. చివరికి ఆ గుంటల వాళ్ళకే ఆ ఇల్లూ స్థలమూ అమ్మేశాం. ఆ డబ్బు మా అత్త పేరు మీద బ్యాంకులో ఉండేది. అది ఉన్నంతకాలం ఆమె నోటికి నేను పడి ఉండాలని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు.

"నన్ను నువ్వు చూసేది నా బ్యాంకు పుస్తకం కోసరమే గదమే?" అనేది.

"అవును మరి, నీ అందం చూసి చేస్తా ఉండానా?" అనేదాన్ని.

ఆ మాటకు నవ్వేది. మా ఇద్దరి మధ్యా అంతకంటే మంచి మాటలు ఎప్పుడూ జరగలేదు. నా చేతులు రొయ్యల కంపు అని నా చేత్తో కలిపిన అన్నం తినేది కాదు. చెంచాతో పెట్టమనేది. సబ్బుతో ఎంత తోముకొని వచ్చినా సరే, చెంచా కావాల్సిందే.

ఇంటామె వచ్చిపోయిన రోజు మా ఆయన్ని పిలిచి మంచం పక్కన కూర్చోబెట్టుకుంది.

"అబ్బయ్యా, ఇల్లు చూడరా. చిన్నదయినా పరవాలా. నా పెట్టె నా వాకిట్లో నుంచి పోవాల."

మా వాళ్ళల్లో ముసలివాళ్ళు పెట్టె అంటే ఒకటే పెట్టె. చనిపోయిన మనిషిని పడుకోబెట్టి, మూత వేసి, పాటలు పాడుకుంటూ మోసుకుపోయేది. మా మామ పోయినప్పుడు ఊళ్ళో వాకిట్లో బెంచీ మీద ఆ పెట్టె పెట్టారట. చర్చి సంఘమంతా చుట్టూ కూర్చొని పొద్దుగూకేదాకా పాడారట. మా అత్త ఆ సంగతి చెప్పేటప్పుడు ఆమె గొంతులో దుఃఖం ఉండేది కాదు. పెళ్ళి ఎట్టా చేశారో చెప్పినట్టు చెప్పేది. తనకూ అట్లా జరగాలి. ఇంటామెలాంటి వాళ్ళెవరూ అడ్డం రాకుండా జరగాలి. ఇల్లు కొన్నది అందుకే, వేరే దేనికీ కాదు.

మా అత్త బ్యాంకులోది కలుపుకొని మా దగ్గరున్న డబ్బుకు ఊరి మధ్యలో దొరికింది షాపుల మీది ఇల్లే. బజారు వీధిలో ఒక బిల్డింగు. కింద మూడు షాపులు. ఒకటి టిఫిన్ హోటలు, ఒకటి సెల్‌ఫోన్లు బాగుచేసేది, ఒకటి పెళ్ళిబట్టల షాపు. పైన మూడు ఇళ్ళు. బిల్డింగు పెళ్ళిబట్టల షాపాయనది. షాపు పెద్దది చేసుకోవడానికి పైన ఇళ్ళు అమ్ముతున్నాడు. పైకి మెట్లు ఒకటే. అవి సరిగ్గా పెళ్ళిబట్టల షాపు తలుపు పక్కనే దిగుతాయి.

మేము ఒక్కసారి చూసి కొనలేదు. పొద్దున చూశాం, మధ్యాహ్నం చూశాం, వానలో చూశాం. మా ఆయన ఆ హోటల్లో కూర్చొని దోశ తింటూ వంటింట్లోకి తొంగి చూసి, గ్యాసు బండలు ఎక్కడ పెడుతున్నారో చూసుకొని వచ్చాడు. నేను పైన ఇంట్లో చెప్పులు విడిచి నేల మీద నిలబడ్డాను. హోటలు పొయ్యికి సరిగ్గా పైన ఉన్న గదిలో నేల వెచ్చగా ఉంది. గోడకు చెయ్యి పెడితే జిడ్డు. పొగ గొట్టం మా కిటికీ పక్కనుంచే పోతుంది. బొద్దింకలు వస్తాయా అని అడిగాను.

"వస్తాయమ్మా," అన్నాడు షాపాయన. "హోటలు మీద ఇల్లు గదా. రావని చెప్పి నీకు అమ్మితే రేపు నా మొహాన ఉమ్మేస్తావు."

ఆ మాటతో ఆయన మీద మాకు నమ్మకం కుదిరింది. అడిగిన ప్రతిదానికీ అట్లాగే చెప్పాడు. మెట్ల ముందు కస్టమర్లు బండ్లు పెడతారా? పెడతారు, మా వాచ్‌మన్ తీయిస్తాడు. రాకెట్టు పోయినప్పుడు అద్దాలు పగులుతాయా? అదురుతాయి, పగలవు. నీళ్ళ మోటారు స్విచ్చి ఎక్కడుంది? మా షాపులో ఉంది, పొద్దున్నే నేనే వేస్తాను.

ఆ స్విచ్చి సంగతి నాకు కొంచెం అనుమానంగా అనిపించింది. "మన నీళ్ళు ఆయన చేతిలో ఉంటే ఎట్ట?" అన్నాను మా ఆయనతో.

"ఆయనతో మనకేం గొడవమే? భయపడాల్సింది హోటలోడికి. ఈయన షాపులో పొగుందా, మంటుందా, వాసనుందా? ఎప్పుడూ పెళ్ళివాళ్ళే. పొద్దున్నే శుభమైన మొహాలు చూస్తాం."

నాకూ అది నిజమే అనిపించింది. మేము భయాలన్నీ హోటలు మీద పెట్టుకున్నాం. పెళ్ళిబట్టల షాపును మాత్రం లాభం కింద రాసుకున్నాం.

చివరగా మా అత్తను చూపించడానికి తీసుకుపోయాం. ఆమె మెట్లు ఎక్కలేదు కదా, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మా ఆయన, ఇంకొక ఆటో అతను చెరోవైపు పట్టుకొని పైకి ఎత్తుకుపోయారు. "మెల్లిగా రా సచ్చినోడా, నేనేం రొయ్యల ట్రేనా?" అని దారి పొడుగునా కొడుకును తిట్టింది. పైకి పోయాక గదులు చూడలేదు, వంటిల్లు చూడలేదు. కుర్చీ వెనక్కి తిప్పించుకొని మెట్ల వైపే చూస్తూ కూర్చుంది. షాపాయన పక్కనే ఉన్నాడు.

"అయ్యా, నా పెట్టె ఈ మెట్ల మీద దిగుతాదా?"

ఆయన నవ్వాడు. "పెట్టేందవ్వా! రెండు తలుపుల బీరువానే దిగుతాది. మా షాపు బీరువాలన్నీ ఇట్నే ఎక్కించి దించినాం."

"వాల్చకుండా దిగాల. తలకిందులు చేస్తే నేనొప్పుకోను."

"వాల్చకుండానే దించొచ్చు. కావాలంటే పట్టుకునేదానికి మా షాపు పిలకాయల్నిస్తా."

"వాకిట్లో కాసేపు పెట్టుకోవచ్చునా?"

"నీ ఇల్లు, నీ పెట్టె. ఎంతసేపన్నా పెట్టుకో అవ్వా, ఎవురొద్దంటారు?"

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో మా అత్త మొహం వెలిగిపోతోంది. "మంచోడురా. చావు మాటెత్తితే మొహం మాడ్చుకోకుండా నవ్వతా చెప్పినాడు. ఆ ఇంటామెకు చూపించాల ఈయన్ని." నేనూ అదే అనుకున్నాను. మా ఆయనా అదే అనుకున్నాడు. మా అత్త ఆ పెట్టె గురించి అడిగింది. ఆయన బట్టలు పెట్టుకునే పెట్టె గురించి జవాబు చెప్పాడు. ఒక్క మాట ఇటు ఎక్కువైనా, అటు ఎక్కువైనా ఆ రోజే బయటపడేది. కానీ మా ఇళ్ళల్లో దాన్ని పెట్టె అనే అంటారు, ఇంకో పేరు మాకు నోటికి రాలేదు.

ఇల్లు కొన్నాం. చర్చి అయ్యగారు వచ్చి ప్రార్థన చేసి పోయారు. బొద్దింకలు షాపాయన చెప్పినట్టే వచ్చాయి. మా అత్త కిటికీ దగ్గర మంచం వేయించుకొని కింద షాపుకొచ్చే పెళ్ళికూతుళ్ళకు పేర్లు పెట్టేది. "ఆ మొహానికి అంత జరీ దేనికో." "దీన్ని చూడు, బిందె మీద బిందె పెట్టినట్టు ఉండాది." సంఘం వాళ్ళు ఎవరొచ్చినా ముందు మెట్లు చూపించేది. "బీరువా దిగుతాదంట. వాల్చే పన్లేదంట." కింద నుంచి షాపాయన అప్పుడప్పుడు తల పైకెత్తి, "అవ్వా, బాగుండావా?" అనేవాడు. "ఉండానయ్యా, నీ పుణ్యాన," అనేది.

మా అత్త పెళ్ళిళ్ళ రోజుల్లో పోయింది. పొద్దున జావ తాగిస్తున్నాను. చెంచా కనబడక గ్లాసు నోటికి ఆనించి, గడ్డం కింద చెయ్యి పెట్టాను. మొహం పక్కకు తిప్పుకుంది. "కంపు. చెంచా తే." నేను విసుక్కుంటూ వంటింట్లోకి పోయి చెంచా కడుక్కొని వచ్చాను. అప్పటికే పోయింది. నోరు కొంచెం తెరిచే ఉంది. చెంచా పట్టుకొని ఏం చేయాలో తెలియక కాసేపు అట్లాగే నిలబడ్డాను.

మా ఆయన పెట్టె చెప్పడానికి పోయాడు. మా ఆడబిడ్డ ఇందుకూరుపేట నుంచి కారు మాట్లాడుకొని వచ్చింది. పైకి రాగానే తల బాదుకుంటూ ఏడ్చింది. ఆ ఏడుపు విని షాపాయన పైకి వచ్చాడు. లోపలికి వచ్చి ముందు తలుపు వేశాడు. తర్వాత మా అత్త కాళ్ళ వైపు నిలబడి దండం పెట్టాడు.

"పుణ్యాత్మురాలు. పాపం, రోజూ కిటికీలోనుంచి పలకరించేది." తర్వాత నా వైపు తిరిగాడు. "అమ్మా, ఏడుపు కిందికి ఇనపడతా ఉండాది. షాపు నిండా పెళ్ళోళ్ళు ఉండారు. తలంబ్రాల చీర తీసుకునేవాళ్ళు ఉండారు. కొంచెం..."

అప్పుడే మా ఆయన వచ్చాడు. పెట్టె వ్యాన్‌లో వస్తోందని చెప్పాడు. షాపాయన మొహంలో నెత్తురు లేదు.

"ఏం పెట్టె?"

"మా అమ్మకు. వాకిట్లో పెట్టుకోని ప్రార్థన చేసుకోని తీసకపోతాం అన్నా. నువ్వు అప్పుడు చెప్పినావు గదా."

"నేను చెప్పిందా? అయ్యో రామ! ఆమె పెట్టె అంటే నేను ట్రంకు పెట్టె అనుకుంటినే! ముసలమ్మ బట్టలు పెట్టుకునేది అనుకుంటిని! ఎవురన్నా ఇల్లు కొనేటప్పుడు శవాన్ని దించేది అడుగుతారాబ్బా?"

మా ఆడబిడ్డ ఏడుపు ఆపేసి ఆయన్ని చూసింది. మా ఆయన నన్ను చూశాడు.

"అన్నా, మా ఇల్లే గదా. మా మెట్లే గదా," అన్నాడు.

"ఇల్లు మీదే. మెట్లు మీవే. కాదన్లా." ఆయన గొంతు పెంచలేదు. ఎప్పుడూ పెంచడు. "ఆ మెట్లు దిగేది నా తలుపు ముందుకు. తాళికట్టే చీర చేతిలో పట్టుకోని ఆడపిల్ల బయటకొస్తా ఉంటే ఎదురుగా ఆ పెట్టె వస్తే, ఆ పిల్ల జన్మలో నా షాపు మొహం చూస్తాదా? ఊరంతా చెప్పదా? మీరు కూడా ఈడే బతకాల, నేను కూడా ఈడే బతకాల. పొద్దున్నే నేనెప్పుడన్నా నీళ్ళు వదలకుండా ఉన్నానామ్మా?"

ఆ మాట నన్ను అడిగాడు. మెత్తగా అడిగాడు. స్విచ్చి సంగతి నేను అడిగింది ఆయనకు గుర్తున్నట్టుంది.

"షాపు మూసినాక తీసకపోతాం," అన్నాడు మా ఆయన.

"ముహూర్తాల రోజులబ్బా, ఎప్పుడు మూస్తానో నాకే తెలీదు. ఎండలు చూస్తే ఇట్టుండాయి. హోటలోళ్ళు ఊరుకుంటారా? నా మాటిను. అవ్వను కుర్చీలో కూర్చోబెట్టి దించు. ఆసుపత్రికి తీసకపోతా ఉన్నట్టు. పెట్టె గోరీల దొడ్డికాడ పెట్టించుకో. ఆడ ఎంతసేపన్నా పాడుకోండి."

మా ఆడబిడ్డ లేచి, "మా అమ్మను దొంగసరుకు మాదిరిగా దించాల్నా?" అంది. ఆయన ఆమె వైపు చూడలేదు. నేను మా ఆయన ఏమంటాడోనని చూశాను. ఆయన వంటింట్లోకి పోయాడు. తర్వాత అదే ప్లాస్టిక్ కుర్చీ తెచ్చాడు.

అయ్యగారు వచ్చారు. కిటికీలు మూసి ప్రార్థన చేశాం. పాట నోట్లోనే పాడాం. కింద షాపు మైకులో నాదస్వరం పెట్టారు. మా పాట మాకే వినబడలేదు. మా ఆడబిడ్డ పమిట నోట్లో కుక్కుకుంది.

మా అత్త తన చావు కోసం తెల్లచీర ఒకటి దాచుకొని ఉంది. అది కట్టాను. షాపాయన మళ్ళీ వచ్చి చూసి, "తెల్లది వద్దమ్మా, అనుమానం వస్తాది," అన్నాడు. కిందికి పోయి ఒక చీర పట్టుకొచ్చాడు. ఆకుపచ్చ రంగు, ఎర్ర అంచు. "డబ్బులేం వద్దు. నా చేత్తో ఇస్తా ఉండా," అన్నాడు. తెల్లచీర మీద అది కప్పాం. మొహానికి చెంగు వేసి, నడుముకు టవలు కట్టి, టవలు కనబడకుండా చీర సర్దాను. తల ఒక పక్కకు వాలిపోతుంటే నా చెయ్యి చెంపకు ఆనించి పట్టుకున్నాను. నా చేతిని ఆమె అంతసేపు ఎప్పుడూ ఉండనివ్వలేదు.

మెట్ల ముందు జనం తగ్గేదాకా ఆమెను రెండు మూడు గంటలు కుర్చీలోనే ఉంచి, అప్పుడు దించారు. ఎక్కేటప్పుడు తిట్టిన మనిషి దిగేటప్పుడు ఏమీ అనలేదు. మెట్ల కింద బ్యాగులు పట్టుకొని ఒకామె అడ్డం నిలబడి ఉంది. పెళ్ళికూతురి తల్లి అనుకుంటాను. మమ్మల్ని చూసి పక్కకు జరిగింది.

"ఏమైంది పెద్దామెకు?"

షాపాయనే జవాబు చెప్పాడు. "ఆయాసమమ్మా. ఆసుపత్రికి తీసకపోతా ఉండారు. మీరు లోపలికి రాండి, ఏసీలో కూర్చోండి."

ఆమె మంచామె. దగ్గరికొచ్చి చీర కొంగు పట్టుకొని చూసింది. "మంచి చీర కట్టినారే! తొందరగా బాగయి రా అవ్వా. నా కూతురి పెళ్ళికి వచ్చి అక్షింతలెయ్యాల."

మా ఆయన, "వస్తాదిలేమ్మా," అన్నాడు.

ఆటోలో మా అత్తను మధ్యలో కూర్చోబెట్టుకొని నేనొకవైపు, ఆడబిడ్డ ఒకవైపు కూర్చున్నాం. గేటు పడి ఉంది. రైలు పోయేదాకా ఆగాం. పక్క బండి మీద వాళ్ళు చూస్తుంటే నేను మా అత్త చెంగు సర్దుతూ, "కొంచెం ఓర్చుకో అత్తా," అన్నాను. ఎందుకన్నానో తెలియదు. గేటు దాటాక ఆడబిడ్డ నోట్లో నుంచి పమిట తీసి ఏడ్చింది.

గోరీల దొడ్డి దగ్గర పెట్టె తెరిచి ఉంది. పడుకోబెడితే మా అత్త కాళ్ళు చాపుకోలేదు. కుర్చీలో ఎట్లా కూర్చుందో అట్లాగే బిగుసుకుపోయింది. మూత పడటం లేదు. అయ్యగారు మొహం తిప్పుకున్నారు. మా ఆయన మోకాళ్ళ మీద రెండు చేతులూ పెట్టి నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. ఆ చప్పుడు నేను విన్నాను. వాల్చకుండా దించాలని అడిగిన మనిషిని చివరికి పక్కకు వాల్చి మూత వేశారు. అప్పుడే మా ఆడబిడ్డ అందరి ముందూ ఆ మాట అంది, కళ్ళు మూసుకొని కొన్నామని.

మరునాడు షాపాయన నీళ్ళు చాలాసేపు వదిలాడు. ట్యాంకు నిండి గోడల మీదుగా కారింది. మెట్ల దగ్గర కనబడి, "ఆ చీర తిరిగి ఇస్తారేమో, వద్దమ్మా, నాకు పనికిరాదు," అన్నాడు. దాన్ని ఆమెతోపాటే పెట్టేశామని చెప్పాను. "మంచి పని చేసినారు," అన్నాడు.

మేము ఇంకా అక్కడే ఉన్నాం. ఎక్కడికి పోతాం? ఆ ఇల్లు మేము కొన్నది.

ఈమధ్య మా పక్క ఇల్లు చూడటానికి ఒక జంట వచ్చారు. షాపాయన తలుపులు తీసి చూపిస్తున్నాడు. ఆ అమ్మాయి నన్ను చూసి మా గుమ్మం దగ్గరికి వచ్చింది. తెలివైన పిల్ల. వచ్చేముందు చెయ్యి గోడకు రాసి జిడ్డు చూసుకుంది. హోటలు వాసన వస్తుందా, గ్యాసు బండలు ఎక్కడ పెడతారు, బొద్దింకలు ఉన్నాయా అని అడిగింది. అన్నింటికీ ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"అంతేగదక్కా? ఇంకేం ఇబ్బంది లేదుగదా? మా నాయన మాతోనే ఉంటాడు. పెద్దాయన. అద్దె ఇంట్లో వాళ్ళు ఆయన్ని తీసకపొమ్మంటా ఉండారు."

షాపాయన ఆ పిల్ల వెనక నిలబడి ఉన్నాడు. చేతిలో తాళాలు ఆడించడం ఆపాడు.

"మీ నాయన కుర్చీలో కూర్చుంటాడామ్మా?" అని అడిగాను.

"ఓ, బాగా కూర్చుంటాడక్కా. పొద్దస్తమానం కుర్చీలోనే."

"అయితే దిగుతాడు," అని చెప్పాను.